పాఠకుల ప్రశ్నలు: వడ్రంగి పిట్ట హెల్మెట్, తిమింగలం రెక్క ఫ్యాన్, ఇంకా స్టూడెంట్ టీంల సందేహాలు

ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు స్టూడెంట్ టీంల నుంచే. అందరూ చేస్తున్న పని ఒకటే, ప్రకృతిలో ఏదో ఒక జీవినో మొక్కనో చూసి దాన్నుంచి ఐడియా తీసుకుని ఒక వస్తువు డిజైన్ చేసి ప్రోటోటైప్ దాకా తీసుకెళ్ళడం, బయోమిమిక్రీ అంటున్నారు కదా, అదే. చదువుతుంటే నాకు చాలా సంతోషంగా అనిపించింది, అందుకే వేరే ప్రశ్నలన్నీ వచ్చే సంచికకి నెట్టేసి ఈ పేజీ మొత్తం వీళ్ళకే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: మేడమ్, మేం ఐదుగురం, ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. వడ్రంగి పిట్ట చెట్టుని అంత గట్టిగా పొడిచినా దాని మెదడుకి ఏం కాదు కదా, ఆ ఐడియాతో హెల్మెట్ చేస్తున్నాం. దాని పుర్రెలో స్పాంజ్ లాంటి ఎముక ఉంటుందని, అదే షాక్ ని పీల్చుకుంటుందని చదివాం. మోడల్ సగం అయిపోయింది కూడా. ఇప్పుడు మా సీనియర్ అన్న ఒకాయన ఆ థియరీ తప్పని తేలిపోయింది అంటున్నారు. సబ్మిషన్ దగ్గర పడింది, మొత్తం వదిలేయాలా?

జవాబు: మీ అన్న చెప్పింది కరెక్టే. 2022 లో కరెంట్ బయాలజీ అనే జర్నల్ లో ఒక పేపర్ వచ్చింది. మూడు జాతుల వడ్రంగి పిట్టలు చెక్కని పొడుస్తుంటే హైస్పీడ్ కెమెరాతో తీసి, ముక్కు ఎంత త్వరగా ఆగుతోంది, కంటి దగ్గర పుర్రె ఎంత త్వరగా ఆగుతోంది అని ఫ్రేమ్ ఫ్రేమ్ కీ కొలిచారు. మధ్యలో నిజంగా షాక్ అబ్జార్బర్ ఉంటే ముక్కు కంటే పుర్రె కొంచెం మెల్లగా ఆగాలి కదా, అలా ఆగట్లేదు, తల మొత్తం ఒకే గట్టి ముక్కగా కదులుతోంది. ఆలోచిస్తే అదే సబబు కూడా, పొడిచిన దెబ్బలో సగం తలే మింగేస్తే చెక్కలోకి ఏం దిగుతుంది, పిట్ట ఇంకా గట్టిగా పొడవాల్సి వస్తుంది. మరి మెదడు ఎలా బతుకుతోంది అంటే అది చాలా చిన్నది కాబట్టి, మెదడు ఎంత చిన్నదైతే అంత ఎక్కువ కుదుపు తట్టుకుంటుంది. మనిషి మెదడు పెద్దది, ఆ లెక్క మనకి వర్తించదు.

మీరే కాదమ్మా, పెద్ద పెద్ద కంపెనీలకే జరిగింది ఇది. 2005 లో మెర్సిడెస్ వాళ్ళు బాక్స్ ఫిష్ అనే డబ్బా ఆకారం చేపని చూసి బయోనిక్ అని ఒక కాన్సెప్ట్ కారు చేశారు. కారు బాగానే వచ్చింది, గాలి నిరోధం చాలా తక్కువ. కానీ 2015 లో ఆ చేపనే సరిగ్గా పరీక్షించి చూస్తే దాని ఒంటికి నీటి నిరోధం తక్కువేమీ కాదని, పైగా ఆ ఆకారం దాన్ని నిలకడగా ఉంచడానికి కాకుండా చటుక్కున మలుపు తిరగడానికి పనికొస్తోందని తేలింది. ఆకారం చూసి మురిసిపోయి అది చేసే పని ఏంటో పట్టించుకోకపోతే పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టే అవుతుంది. నా దగ్గరికి వచ్చే టీంలలో ఎక్కువ మంది ఇబ్బంది పడేది ఇక్కడే.

ఇక మీ హెల్మెట్ సంగతి. వదిలేయొద్దు, జీవిని మార్చండి చాలు. మీరు ఇప్పటిదాకా చేసిన షెల్, ఫోమ్ కట్ చేయడం నేర్చుకున్న పద్ధతి, పై నుంచి బరువు పడేసే స్టాండ్, ఇవన్నీ అలాగే పనికొస్తాయి. నేనైతే పంపర పనస కాయని చూడమంటాను. కిలో పైన బరువుండే కాయ పది మీటర్ల ఎత్తు చెట్టు మీంచి పడినా పెద్దగా దెబ్బ తినదు, జర్మనీలో పరిశోధకులు దాని తొక్క మీద చాలా పని చేశారు, ఆ సూత్రంతో లోహపు ఫోమ్ లు కూడా తయారు చేసి చూశారు. ఒక కాయని అడ్డంగా కోసి తొక్కని దగ్గరగా చూడండి, పైన పచ్చటి పొర గట్టిగా దట్టంగా ఉంటుంది, లోపలికి వెళ్ళేకొద్దీ మెల్లమెల్లగా గుల్లబారుతూ తెల్లటి స్పాంజ్ అయిపోతుంది, ఎక్కడా ఇక్కడ ఒక పొర అయిపోయింది ఇంకో పొర మొదలైంది అని గీత కనపడదు. బొటనవేలితో నొక్కితే లోపలి గుల్ల ముందు నలుగుతుంది, గట్టిదనం క్రమంగా పెరుగుతుంది. మీరు తీసుకోవాల్సింది అదే, సాంద్రత క్రమంగా మారడం.

ప్రోటోటైప్ అంటే రెండు ముక్కలు చేయాలి, ఇది మాత్రం మర్చిపోకండి. ఒకటి మీ ఐడియాతో, అంటే సాంద్రత మారుతూ పోయే ఫోమ్. రెండోది కంట్రోల్ పీస్, అదే మందం, అదే బరువు, కానీ మొత్తం ఒకే సాంద్రత. రెండిటి మీదా ఒకే బరువుని ఒకే ఎత్తు నుంచి వేయండి. బరువు వేరే అయితే పోలిక చెల్లదు, ఎక్కువ ఫోమ్ పెడితే ఎవరిదైనా బాగానే పనిచేస్తుంది.

సెన్సార్ దగ్గర ఇంకో జాగ్రత్త. హాబీ ప్రాజెక్టుల్లో అందరూ వాడే ఎంపీయూ 6050 అనే యాక్సిలరోమీటర్, అంటే కుదుపు కొలిచే సెన్సార్, 16 జి వరకే కొలుస్తుంది (ఒక జి అంటే భూమి గురుత్వ త్వరణం అంత), హెల్మెట్ దెబ్బలు వందల జి లో ఉంటాయి. అప్పుడు గ్రాఫ్ లో శిఖరం ఉండాల్సిన చోట బల్లపరుపుగా కోసేసినట్టు వస్తుంది, అది చూసి రెండు ముక్కలూ ఒకేలా పనిచేశాయి అనుకుంటారు. గ్రాఫ్ పైన చదునుగా కనపడితే ఆ రీడింగ్ పక్కన పెట్టేయాల్సిందే. 200 జి వరకు కొలిచేవి దొరుకుతాయి, వాటితో కూడా తక్కువ ఎత్తు నుంచి మొదలుపెట్టి మెల్లగా పెంచండి. సెన్సార్ అసలు దొరక్కపోతే ఫోమ్ కింద మెత్తటి మోడలింగ్ క్లే పెట్టి ఎంత లోతు గుంట పడిందో కొలవండి, రెండు ముక్కల్ని పోల్చడానికి అది చాలు. మీరు చేసిన హెల్మెట్ పెట్టుకుని మాత్రం ఎవరి తల మీదా టెస్ట్ చేయకండి, సరదాకి కూడా వద్దు.

రిపోర్టులో వడ్రంగి పిట్ట కథని దాచకండి. ముందు ఇది అనుకున్నాం, ఈ పేపర్ చదివాం, అందుకే మార్చాం అని రాయండి. జడ్జిలు ఆ పేజీని రెండు సార్లు చదువుతారు.

ప్రశ్న: నేను హైస్కూల్లో సైన్స్ టీచర్ని. తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురు ప్రకృతి ఆధారిత ఆవిష్కరణ అని ఒక పోటీకి పేరిచ్చారు. మా దగ్గర 3డి ప్రింటర్ లేదు, ల్యాబ్ కూడా అంతంత మాత్రమే. వీళ్ళతో ఏం చేయించగలను?

జవాబు: కాగితం, సెలోటేప్ ఉన్నాయి కదండీ, చాలు. నేను ఉత్తినే ధైర్యం చెప్పడానికి అనట్లేదు, ఈ సబ్జెక్టులో నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రోటోటైప్ అదే.

పైన్ చెట్టు కాయ పొడిగా ఉన్నప్పుడు దాని పొలుసులు విచ్చుకుంటాయి, తడి తగిలితే మూసుకుంటాయి. చెట్టు నుంచి రాలిపోయి ఎండిపోయిన కాయ కూడా అలాగే చేస్తుంది, అంటే అందులో ప్రాణంతో పనిలేదు, బ్యాటరీ లేదు, మోటార్ లేదు, కండరం లేదు. ఎలా అన్నది 1997 లో నేచర్ జర్నల్ లో వివరించారు. ప్రతి పొలుసులో రెండు పొరలు ఉంటాయి, బయటి పొర తేమకి పొడవుగా సాగుతుంది, లోపలి పొర దాదాపు సాగదు, రెండూ అతుక్కుని ఉన్నాయి కాబట్టి పొలుసు లోపలికి వంగుతుంది. సాగడంలో తేడా ఎందుకంటే రెండు పొరల్లోనూ సెల్యులోజ్ పోగులు వేరే వేరే దిశల్లో ఉంటాయి.

కాగితం కూడా సెల్యులోజ్ పోగులే, ఫ్యాక్టరీలో తయారయ్యేటప్పుడు ఎక్కువ పోగులు ఒకే దిశలో పడుకుంటాయి. తేమ తగిలితే కాగితం పోగుల దిశలో కొంచెమే, దానికి అడ్డంగా చాలా ఎక్కువ సాగుతుంది. ఆ దిశ ఏదో పిల్లలే కనిపెట్టొచ్చు, చతురస్రంగా కోసిన కాగితం ముక్కని ఒక వైపు మాత్రం తడిపితే అది గొట్టంలా చుట్టుకుంటుంది, ఆ గొట్టం ఎటు పొడవుగా ఉందో అదే పోగుల దిశ. ఇప్పుడు దానికి అడ్డంగా పొడవాటి స్ట్రిప్ కోసి ఒక వైపు సెలోటేప్ అతికించండి. టేప్ తేమకి సాగదు. ఆ స్ట్రిప్ ని అరచేతి మీద పెట్టుకుని నోటితో వేడి ఊపిరి వదిలితే టేప్ ఉన్న వైపుకి మెల్లగా వంగుతుంది, ఆరిపోతే మళ్ళీ వెనక్కి వస్తుంది. పిల్లలు మొదటిసారి చూసినప్పుడు అది బతికే ఉందనుకుంటారు!

ఇక ఆవిష్కరణ ఏంటంటే, కరెంటు లేకుండా తేమని బట్టి తెరుచుకునే మూత. గింజలు దాచే డబ్బాకో, పుస్తకాల అలమరాకో, సామాన్లు ఆరబెట్టే పెట్టెకో లోపల తేమ పెరిగితే కిటికీ తెరుచుకునేలా. ఏ అవసరానికి అన్నది పిల్లల్నే వెతకనివ్వండి, వాళ్ళ చుట్టూ ఎవరికి తేమతో ఇబ్బంది ఉందో వాళ్ళకే బాగా తెలుస్తుంది. ఒక్కటి మాత్రం అడగండి, బయట తేమ లోపలి కంటే ఎక్కువ ఉన్నప్పుడు కిటికీ తెరిస్తే ఏమవుతుంది? మీ మూత తేమని చూస్తోందా, తేమలో తేడాని చూస్తోందా? ఈ ప్రశ్న దగ్గర మంచి గొడవ జరుగుతుంది, జరగనివ్వండి.

ఇక్కడ కంట్రోల్ పీస్ పోగుల దిశలో పొడవుగా కోసిన స్ట్రిప్. అదే కాగితం, అదే టేప్, కానీ చాలా తక్కువ వంగుతుంది. రెండూ పక్క పక్కన పెట్టి ఫోటో తీస్తే కారణం పోగుల దిశే అని మాటలు లేకుండా రుజువైపోతుంది. స్ట్రిప్ వెనక ఒక కోణమాని పెట్టి, మూత పెట్టిన పారదర్శక డబ్బాలో తడి గుడ్డ ఉంచి, కాసేపటికొకసారి కోణం రాసుకోమనండి. చాలాసార్లు తడిసి ఆరాక టేప్ జిగురు జారిపోయి స్ట్రిప్ మొదటి చోటికి తిరిగి రాదు, అది కూడా రాయమనండి, తర్వాతి డిజైన్ అక్కడి నుంచే పుడుతుంది.

ప్రశ్న: బల్లి జాతి గెకో పాదం చూసి గోడ ఎక్కే రోబో చేద్దామనుకుంటున్నాం. పాదం మోడల్ ని 3డి ప్రింట్ చేస్తే అతుక్కుంటుందా?

జవాబు: అతుక్కోదు. గెకో ఒక్కో పాదానికి సుమారు అయిదు లక్షల సన్నటి వెంట్రుకలు ఉంటాయి, ఒక్కో వెంట్రుక చివర మళ్ళీ వందల పాయలుగా చీలుతుంది, ఆ చివరల వెడల్పు 200 నానోమీటర్లు. మామూలు 3డి ప్రింటర్ నాజిల్ 0.4 మిల్లీమీటర్లు, అంటే రెండువేల రెట్లు లావు. గెకో అతుక్కునేది జిగురుతో కాదు, అణువుల మధ్య ఉండే వాండర్ వాల్స్ బలాలతో, అవి ఉపరితలానికి అంత దగ్గరగా ఆనితేనే పనిచేస్తాయి. పెద్ద సైజులో ప్రింట్ చేస్తే పాదం బొమ్మ వస్తుంది గానీ పని రాదు.

మీ గోడ గరుకుదైతే పురుగుల కాళ్ళ వైపు చూడండి. స్టాన్‌ఫర్డ్ లో స్పైనీబాట్ అనే రోబో ఇటుక గోడలు ఎక్కింది, దాని పాదాల్లో వరసగా చిన్న చిన్న కొక్కేలు ఉంటాయి, కీలకం ఏంటంటే ప్రతి కొక్కెం విడివిడిగా కదిలేలా మెత్తటి భాగానికి బిగించారు, అందువల్ల ఒక్కో కొక్కెం తనకి దొరికిన గరుకుని పట్టుకుంటుంది, బరువుని కొక్కేలన్నీ పంచుకుంటాయి. ఇది మీ చేతులతో చేయగలిగే సైజు. కంట్రోల్ పీస్ కి అవే కొక్కేలు గట్టి చెక్కకి కదలకుండా బిగించి చూడండి.

ప్రశ్న: హంప్‌బ్యాక్ తిమింగలం రెక్క అంచు మీద బుడిపెలు చూసి మా ఫ్యాన్ రెక్కలకి కూడా అలాంటి బుడిపెలు పెట్టాం. మామూలు రెక్కతో పోలిస్తే గాలిలో ఏ తేడా లేదు. ఒక్కోసారి తగ్గింది కూడా. టీం అంతా డీలా పడిపోయాం.

జవాబు: డీలా పడకండి, మామూలు రెక్కతో పోల్చి చూశారు చూడండి, అక్కడే మీరు చాలా టీంల కంటే ముందున్నారు. మీకు వచ్చిన రిజల్ట్ తప్పు కాకపోవచ్చు.

2004 లో తిమింగలం రెక్క మోడళ్ళని విండ్ టన్నెల్ లో పెట్టి చూసినప్పుడు బుడిపెలున్న రెక్క దాదాపు 40 శాతం ఎక్కువ కోణం దాకా స్టాల్ అవకుండా నిలబడింది. స్టాల్ అంటే రెక్కని గాలికి ఎక్కువగా ఎత్తేసరికి దాని పైనుంచి గాలి ఊడిపోయి లిఫ్ట్, అంటే పైకి లేపే బలం, పడిపోవడం. తిమింగలం చేపల గుంపు చుట్టూ తిరుగుతూ బిగుతైన మలుపు తీసుకోవాలి, అప్పుడు రెక్కని బాగా ఎత్తాలి, బుడిపెలు ఉపయోగపడేది ఆ క్షణంలో. మీ ఫ్యాన్ రెక్క సాధారణ కోణంలో హాయిగా తిరుగుతుంటే అక్కడ స్టాల్ అనే సమస్యే లేదు, లేని సమస్యకి మందు వేస్తే ఏం కనిపిస్తుంది. పైగా ఆ మోడల్ తో పోలిస్తే మీ రెక్క బాగా చిన్నది, వేగం కూడా తక్కువ అయ్యుంటుంది, గాలి ప్రవర్తన సైజుని బట్టి వేగాన్ని బట్టి మారిపోతుంది, ఆ సైజునీ వేగాన్నీ కలిపి చెప్పే రేనాల్డ్స్ నంబర్ లెక్క వేసి చూసుకోండి.

ఇలా చేయండి. ఫ్యాన్ లో నుంచి ఒక్క రెక్కని తీసి స్టాండ్ కి బిగించి ఎదురుగా స్థిరమైన గాలి పెట్టండి. రెక్క పైభాగంలో చిన్న చిన్న ఊలు దారం ముక్కలు వరసగా అతికించండి, ఒక కొస మాత్రమే అంటుకోవాలి. కోణం తక్కువున్నప్పుడు దారాలన్నీ వెనక్కి బుద్ధిగా పడుకుంటాయి. కోణం కొంచెం కొంచెం పెంచుతూ పోతే ఒక చోట దారాలు వణకడం మొదలై, ఆ తర్వాత పైకి లేచి ముందుకి తిరగబడతాయి, గాలి ఊడిపోయింది అక్కడే. నున్నటి రెక్కకీ బుడిపెల రెక్కకీ అది ఏ కోణంలో జరుగుతోందో రాయండి. తేడా వస్తే, రెక్కకి తరచూ స్టాల్ ఎదురయ్యే వస్తువు ఏదో వెతికి అక్కడ వాడండి. తేడా రాకపోతే మీ సైజులో, మీ వేగంలో ఈ ట్రిక్ పనిచేయట్లేదు అని తెలిసింది, అది కూడా రిపోర్టులో పెట్టదగ్గ విషయమే.

ప్రశ్న: అక్కా, నాది బయాలజీ, టీంలో మిగతా నలుగురూ ఇంజనీరింగ్ వాళ్ళు. డిజైన్ మీటింగ్ కి నన్ను పిలవరు, స్లైడ్స్ లో జంతువుల ఫోటోలు పెట్టడమే నా పని అయిపోయింది. టీం మారిపోవాలా?

జవాబు: మారొద్దు తల్లీ, ఈ జవాబు వాళ్ళకి కూడా చూపించు. పై ఉత్తరాలన్నీ చూడు, వడ్రంగి పిట్ట దగ్గర, తిమింగలం దగ్గర చిక్కుపడింది ఎందుకు? ఆ జీవి ఆ పని ఎప్పుడు, ఎందుకు, ఏ పరిస్థితిలో చేస్తుందో చెప్పే మనిషి గదిలో లేకపోవడం వల్లే. తిమింగలం బుడిపెల మీద పని మొదలుపెట్టిన ఫ్రాంక్ ఫిష్ అనే ఆయన బయాలజిస్టే. జపాన్ బుల్లెట్ ట్రైన్ ముక్కుని కింగ్‌ఫిషర్ ముక్కులా మార్చిన ఎయిజీ నకాత్సు ఇంజనీరే గానీ పక్షుల్ని గమనించడం ఆయనకి ఇష్టం, సొరంగంలోకి ట్రైన్ దూసుకెళ్ళినప్పుడు వచ్చే పెద్ద శబ్దం సమస్య, గాలిలోంచి నీళ్ళలోకి చప్పుడు లేకుండా దూకే పక్షి సమస్య రెండూ ఒకటేనని ఆయనకి తట్టింది అందుకే. ఆ 500 సిరీస్ రైలు 1997 లో పట్టాలెక్కింది.

నువ్వు వెంటనే చేయగలిగింది చెప్తా. మీరు ఎంచుకున్న జీవి పేరు ఎక్కడా రాకుండా అది చేసే పనిని రెండు మూడు వాక్యాల్లో రాయి. ఉదాహరణకి పైన్ కాయ అని రాయకుండా "తేమకి ఒక పొర సాగుతుంది, ఒక పొర సాగదు, రెండూ అతికి ఉన్నందువల్ల వంగుతుంది" అని. ఇంజనీర్లకి అందులో నుంచి డ్రాయింగ్ నేరుగా మొదలవుతుంది. దాని కిందే ఆ పని ఏ పరిస్థితుల్లో జరగదో కూడా రాయి, అది నీకు తప్ప టీంలో ఇంకెవరికీ తెలీదు. ఆ కాగితం పట్టుకుని మీటింగ్ కి పిలవకపోయినా వెళ్ళు. ఆస్క్‌నేచర్ అనే వెబ్‌సైట్ 2008 నుంచి ఉంది, అందులో జీవుల్ని చేసే పనిని బట్టి వెతకొచ్చు, నీటిని పట్టుకోవడం, వేడిని వదిలించుకోవడం, అలా. ఒకే పనిని వేరే వేరే జీవులు ఎలా చేస్తున్నాయో చూసి మూడు ఆప్షన్లు టీం ముందు పెట్టు, ఇక నిన్ను పక్కన పెట్టడం వాళ్ళ వల్ల కాదు.

మిగతా నలుగురికి: ఆ అమ్మాయి ఫోటోలు పెట్టడానికి లేదు మీ టీంలో, దయచేసి మీటింగ్ టైమ్ చెప్పండి.

ప్రశ్న: తామరాకు చూసి మరక పట్టని కోటింగ్ చేశాం. జడ్జి ఒకరు ఇందులో పర్యావరణానికి మంచిది ఏముంది అని అడిగితే నోట మాట రాలేదు. ప్రకృతి నుంచి తీసుకున్నాం కాబట్టి మంచిదే కదా?

జవాబు: కానక్కర్లేదు. తామరాకు మీద నీటి బొట్టు నిలవకపోవడానికి కారణం మైక్రోమీటర్ల సైజు గడ్డలు, వాటి మీద ఇంకా సన్నటి మైనపు గరుకు, బొట్టు ఆ కొసల మీదే ఆనుకుని దొర్లిపోతూ దుమ్ముని ఎత్తుకుపోతుంది. ఆకు ఆ మైనాన్ని తన ఒంట్లోనే తయారుచేసుకుంటుంది, గీసుకుపోతే మళ్ళీ పుట్టించుకుంటుంది, రాలితే మట్టిలో కలిసిపోతుంది. మీ స్ప్రేలో ఫ్లోరిన్ కెమికల్ ఉందేమో లేబుల్ చూడండి, వాటిలో చాలా రకాలు పర్యావరణంలో చాలా ఏళ్ళపాటు విచ్ఛిన్నం కావు. కాబట్టి జడ్జి అడిగింది న్యాయమైన ప్రశ్న. మొక్కల మైనంతోనో తేనెటీగల మైనంతోనో చేసి చూడండి, గుడ్డతో రుద్దాక కూడా బొట్టు దొర్లుతోందా అని టెస్ట్ పెట్టండి. రుద్దుడు టెస్ట్ లో ఇలాంటి కోటింగ్ లు చాలావరకు ఓడిపోతాయి, ఎన్ని రుద్దుళ్ళకి ఓడిపోయిందో నంబర్ చెప్పగలిగితే ఈసారి నోట మాట వస్తుంది.

ప్రశ్న: పోటీలో చూపించేశాక పేటెంట్ కి అప్లై చేయొచ్చా?

జవాబు: చాలా దేశాల్లో అందరి ముందూ చూపించేస్తే కొత్తదనం పోయినట్టే లెక్క, కొన్ని దేశాల్లో మాత్రం కొంత గడువు ఇస్తారు. కాబట్టి పేటెంట్ ఆలోచన ఉంటే స్టేజ్ ఎక్కకముందే మీ కాలేజీలో ఆ విషయాలు చూసేవాళ్ళని కలవండి, వీడియో అప్‌లోడ్ చేయడం కూడా చూపించడం కిందకే వస్తుంది. వెల్క్రో కనిపెట్టిన జార్జ్ డి మెస్ట్రల్ తన కుక్క బొచ్చుకి అంటుకున్న ముళ్ళకాయల్ని గమనించింది 1941 లో, పేటెంట్ వచ్చింది 1955 లో, మధ్యలో అంతా ఆ కొక్కేల్ని నైలాన్ తో ఎలా తయారుచేయాలి అన్న తిప్పలే. రోజూ ఏం చేశారో తేదీతో సహా ఒక నోట్‌బుక్ లో రాసుకుంటూ, ఎవరి ఐడియా ఎవరిదో పేర్లతో రాసి అందరూ సంతకం పెట్టండి, బయాలజీ అమ్మాయితో సహా.